ఉమ్మడి ఫైల్లో ఒక గారు

ఉభయ గోదావరి జిల్లాల్లో నలభై రైస్ మిల్లులు నా చూపుడు వేలి మీద నడిచాయి. వేలు ఒక్కసారి దించితే చాలు, తణుకు నుంచి పెద్దాపురం దాకా నలభై కాటాల దగ్గర నలభై కంప్యూటర్లు ఒకేసారి కొత్త ప్రోగ్రాము అందుకునేవి. ఆ ఏర్పాటు మొత్తం నేనొక్కడినే వారం రోజుల్లో కట్టాను. పొద్దుటి నడక అయ్యాక రేవు మెట్ల మీద ఆయాసం తీర్చుకునే పెద్దమనుషులకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎవరూ కాదనలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైనవాడు డెబ్బై దాటాక కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తాడో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలియని విషయంలో మనిషిని నమ్మించడమంత సుఖం ఇంకోటి లేదు.

ఈ వయసులో ఉద్యోగమేంటండీ అని మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. వాళ్ళకి నేను చెప్పే జవాబు ఒకటే: నా మెదడు, నా మోకాళ్ళు ఒకే రోజు రిటైరవ్వాలని ఏ జీవోలోనూ లేదు.

రాజమహేంద్రవరంలో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు. దాని ఓనరు ఒకప్పుడు నా క్లాసులో వెనక బెంచీ. రైస్ మిల్లులకి సాఫ్ట్‌వేరు చేసి ఇస్తాడు. రైతు ధాన్యం తెస్తే తూకం వేసి, తేమ రాసుకుని, బస్తాలు కట్టి, చీటీ అచ్చు కొట్టి చేతిలో పెట్టడం దాని పని. మొదటి మిల్లుకి చేసినప్పుడు అది ఒక్కటే. రెండో మిల్లు వాళ్ళు చూసి, మాకూ అదే కావాలి, కాకపోతే చీటీ కాస్త పొడుగుండాలి అన్నారు. మావాడు మొత్తం కాపీ తీసి, ఆ కాపీలో చీటీ పొడుగు పెంచి ఇచ్చాడు. మూడో వాళ్ళకి రెండోదాని కాపీ. నాలుగో వాళ్ళకి మొదటిదాని కాపీ, అందులో మూడోదాని ముక్క. చూడ్డానికి అన్నీ అచ్చు ఒకలాగే ఉండేవి. లోపల ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండేది కాదు.

మనుషులు రాసిన ప్రోగ్రాము ఉన్నదున్నట్టు మిల్లు కంప్యూటరు ఎక్కదు. దాన్ని మరాడించి, మూట కట్టి పంపాలి. ఆ మరాడించడాన్నే మా ఆఫీసులో బిల్డ్ అంటారు. ముందు ఏం చెయ్యాలి, తరవాత ఏం చెయ్యాలి, ఏ మిల్లుకి ఏ మార్పు అన్నది ఒక ఫైల్లో రాసి ఉంటుంది. మిల్లుకో ఫైలు. ఎక్కడో ఒక తప్పు దొరికితే అన్ని కాపీల్లోనూ దిద్ది, అన్నిటినీ విడివిడిగా మరాడించాలి.

నేను చేరేనాటికి ఆ పనంతా ఒక్కావిడ చేతుల మీద నడిచేది. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి, ఆ స్కూలు మూతపడ్డాక మా ఆఫీసుకి వచ్చారు. అందరికీ టీచర్ గారే. ఏ మిల్లుకి ఏ నంబరు బిల్డ్ వెళ్ళిందో ఆవిడ కంప్యూటర్లో కాదు, గోడ మీద చూసుకునేవారు. వాళ్ళ లూథరన్ చర్చిలో ఆదివారం ఏ పాటలు పాడాలో అంకెల పలకలు దూర్చి చూపించే చెక్కబోర్డు ఉండేదట. చర్చికి టీవీ తెర వచ్చాక ఆ బోర్డు అడిగి తెచ్చుకున్నారు. వరుసలు చాలకపోతే అలాంటివే ఇంకో మూడు వడ్రంగి చేత చేయించారు. బిల్డ్ వెళ్ళిన మిల్లు వరుసలో పాత అంకె పీకి కొత్త అంకె దూర్చేవారు. మా ఆఫీసుకి కొత్తగా ఎవరొచ్చినా ఇక్కడ ప్రార్థనలు జరుగుతాయా అని అడిగేవారు.

ఒకరోజు ఓనరు నన్ను గదిలోకి పిలిచాడు. "మాస్టారూ, ఇలా చేత్తో ఎన్నాళ్ళండి? ఆటోమేటిక్ చేసేద్దాం. అన్ని మిల్లులకీ ఒకటే ఫైలుండాలి. మనం ప్రోగ్రాము మారిస్తే చాలు, బిల్డులన్నీ వాటంతట అవే అయిపోవాలి."

"అవుతుందిరా. వారం చాలు" అన్నాను.

"అదయ్యాక టీచర్ గారికి ఇంక పనేం ఉండదు కదండి. ఆవిడ సంగతి అప్పుడు చూద్దాం."

ఆ గదికి తలుపు లేదు. కర్టెన్ అవతల బోర్డులో అంకె దూరుస్తున్న చప్పుడు టక్కున ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

అప్పుడు నేను ఏమీ అనలేదు. ఎక్కడ గొప్పలు పోయినా ఇక్కడ పోను. పని దొరికిన సంబరంలో ఉన్నాను. డెబ్బై దాటిన మనిషిని నమ్మి ఎవరైనా పెద్ద పని అప్పగిస్తే, ఆ పని ఎవరి కుర్చీ కింద నుంచి వస్తోందో చూసే ఓపిక ఉండదు.

ఇక అబద్ధాలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటాను. వారం పట్టలేదు, మూడు నెలలు పట్టింది. నలభై మిల్లులు కావు, ఇరవై మూడు. అందులోనూ ఒకటి రెండుసార్లు లెక్కలో ఉంది, తండ్రి పేరు మీద ఒకసారి, కొడుకు పేరు మీద ఒకసారి. వేలు ఒక్కసారి దించితే చాలన్నది మాత్రం నిజమే. కాకపోతే దించిన ప్రతిసారీ పక్కన టీచర్ గారు నిలబడి, ఆగండాగండి అనేవారు.

మూడు నెలలూ ఆవిడ తన నోట్‌బుక్ తీసి చదువుతుంటే నేను టైపు చేశాను. అన్నిటికీ సమానమైన పని ఒక ఉమ్మడి ఫైల్లో పెట్టాం. ఒక్కో మిల్లుకి ఒక్కో చిన్న ఫైలు, అందులో ఆ మిల్లు తేడాలు మాత్రమే. చిన్న ఫైల్లో ఏమీ రాయకపోతే ఉమ్మడి ఫైలు మాటే చెల్లుతుంది. చెప్పడానికి ఇంతే. చేస్తుంటే తెలిసింది, తేడా ఉన్న ప్రతిచోటా వెనక ఒక మనిషి ఉన్నాడని.

"ఈ మిల్లుకి అమావాస్య నాడు బిల్డ్ పంపకూడదు మాస్టారూ."

"ఎందుకమ్మా?"

"ఒకసారి అమావాస్య నాడు పంపితే ప్రింటరు కాలిపోయిందండి. అప్పటి నుంచి ఆయన ఒప్పుకోరు."

"ప్రింటరు కాలడానికీ అమావాస్యకీ ఏంటి సంబంధం?"

"నాకేం తెలుసండి, నేను క్రిస్టియన్ని. మీరే చెప్పాలి."

రాశాను. ఆ మిల్లు చిన్న ఫైల్లో ఇవాళ్టికీ ఆ లైనుంది. మెషీను ఏడాది పొడవునా తిథి చూసుకుని మరీ బిల్డ్ పంపుతుంది. హైదరాబాదులో పెద్ద కంపెనీలవాళ్ళు వచ్చి చూస్తే నవ్వుతారని మా ఓనరు బాధ. నవ్వనీ. వాళ్ళ మెషీన్లకి పౌర్ణమి కూడా తెలియదు.

చీటీ మీద రైతు పేరు పక్కన గారు అచ్చవడం కొన్ని మిల్లుల్లో ఉండేది, కొన్నింట్లో లేదు. అసలు గారు లేకుండా మనిషి పేరు పలకడం మన వైపు ఎక్కడుందండీ అని, నేను దాన్ని ఉమ్మడి ఫైల్లో పెట్టేశాను. పేరున్న ప్రతిచోటా గారు. టీచర్ గారు తలూపారు.

మొదటిసారి ఇరవై మూడు బిల్డులూ వాటంతట అవే అయిన రోజు తెర మీద ఇరవై మూడు పచ్చ చుక్కలు వెలిగాయి. ఓనరు స్వీట్లు తెప్పించాడు. నేను రెండు తిన్నాను. మూడోది నోట్లో పెట్టుకుంటుండగా పెద్దాపురం వైపు మిల్లు నుంచి ఫోను.

"ఏవండీ, మా తవుడికి గారెందుకు పెట్టారండి?"

"తవుడేంటి?"

"చీటీ మీద పడిందండి. తవుడు గారు, ముప్పై బస్తాలు. నూకలు గారు, పది బస్తాలు. లారీవాడు చదివి కింద పడి దొర్లుతున్నాడండి బాబూ."

ఆ మిల్లువాళ్ళు పేరు రాయాల్సిన గడిలో ఏళ్ళ తరబడి సరుకు పేరు రాసుకుంటున్నారు. మెషీనుకి తవుడుకీ మనిషికీ తేడా తెలియదు కదా, మర్యాద ఇచ్చేసింది. పచ్చ చుక్క పచ్చగానే ఉంది. టీచర్ గారు ఆ మిల్లు చిన్న ఫైల్లో ఒక్క లైను రాశారు: సరుకుకి గారు వద్దు. రెండు నిమిషాల్లో తవుడు మళ్ళీ ఉత్తి తవుడైంది.

అది నవ్వుకోవడానికి బాగుంది. వారం తిరక్కుండా తణుకు దగ్గర మిల్లు గుమాస్తా ఫోను చేశాడు. ఓనరు స్పీకరు పెట్టాడు, ముగ్గురం విన్నాం.

"ఇక్కడో కౌలు రైతు చీటీ తీసుకోనంటున్నాడండి. ఇది నాది కాదు, ఈ పేరుతోనే ఇంకో కామందు ఉన్నట్టున్నారు, ఆయనకివ్వండి అంటాడు."

"తూకం తేడా వచ్చిందా?"

"తూకం సరిపోయిందండి. పేరూ అతందే. పక్కన గారు ఉందని తీసుకోవడం లేదండి. ఎవరిదో తీసుకుంటే రేపు మాటొస్తుందంటాడు. అరగంట నుంచీ కాటా దగ్గరే నిలబడ్డాడు. ఈ కౌలు వాళ్ళకి గారు మా మిల్లులో ఎప్పుడూ లేదు కదండీ, ఇప్పుడెవరు పెట్టారు?"

నేనే పెట్టాను. పెట్టానంటే, పెట్టాలని పెట్టలేదు. పాత కాపీలో ఆ మిల్లు ఫైలు అడుగున ఒక లైనుండేది: కౌలు వాళ్ళకి గారు వద్దు. మిల్లు ఆసామి అడిగితే ఎప్పుడో మా ఆఫీసులోనే ఎవరో రాసి పెట్టారు. సొంత పొలం ఉన్నవాడికి గారు, కౌలుకి చేసుకునేవాడికి ఉత్తి పేరు. నేను ఆ మిల్లు ఫైలు మార్చిన పూట పెసరట్టు ఉప్మా దండిగా తిని ఉన్నాను. కునికిపాట్ల మధ్య అడుగు లైను చూడలేదు. చిన్న ఫైల్లోకి అది రాలేదు కాబట్టి ఉమ్మడి ఫైలు మాటే చెల్లింది. రేవు మెట్ల మీద మాత్రం దీన్ని నేను వేరేగా చెప్పుకున్నాను, రెండు జిల్లాల కౌలు రైతులకీ ఒక్క లైనుతో గౌరవం తెచ్చినవాణ్ణి నేనేనని. ఉపన్యాసంలా చెప్పాను. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

ఫోను పెట్టేశాక ఓనరు తేలిగ్గా నిట్టూర్చాడు. "టీచర్ గారూ, తవుడుకి తీసినట్టే తీసేయండి. ఆ మిల్లు ఆసామి పెద్ద పార్టీ. ఆయన బావమరుదుల మిల్లులే మన దగ్గర నాలుగున్నాయి."

టీచర్ గారు బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. "కుదరదండి" అన్నారు.

"అదేంటండి, మొన్న తవుడుకి కుదిరింది కదా?"

"కుదరక కాదండి. చెయ్యను."

మా గోదావరి వైపు చెయ్యను అనే మాట ఆఫీసుల్లో వినపడదు. కుదరదండి అంటాం, చూద్దామండి అంటాం, ఆయ్ అని ఊరుకుని చెయ్యకుండా ఉంటాం. ఓనరు నా వంక చూశాడు, ఈవిడ వేరే భాష ఏమన్నా మాట్లాడుతోందా అన్నట్టు.

"టీచర్ గారూ, ఎవరికి గారు పెట్టాలో మిల్లు వాళ్ళిష్టం. మనకెందుకండి?"

"తవుడంటే తవుడేనండి. ఆయన మనిషి. తన చీటీ తనది కాదేమో అని అరగంట నిలబడ్డాడు. మా నాన్న కూడా కౌలుకే చేశారండి. ఆయన చీటీలు మా ట్రంకు పెట్టెలో కట్ట కట్టి ఉన్నాయి. ఒక్కదాని మీదా లేదు. ఉండాలని ఆయనకీ తెలీదు, నాకూ ఇవాళ దాకా తోచలేదు. తీసెయ్యమంటే ఇంకెవరి చేతనన్నా తీయించుకోండి."

"అసలే ఈ ఆటోమేటిక్ వచ్చాక మీకు పని ఏం ఇవ్వాలా అని నేను ఆలోచిస్తుంటే..."

"ఆ ఆలోచన నాకు ముందే వినపడిందండి. కర్టెనే కదా."

ఇద్దరాడపిల్లల చదువులు ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఓనరు మొహం ఎర్రబడింది. నా వైపు తిరిగి, "మాస్టారూ, మీరు రాయండి. ఒక్క లైను" అన్నాడు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. "ఒరే, నీకు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. ఒకడికి గారు ఇచ్చి మళ్ళీ లాక్కుంటావా? ఇవ్వకపోవడం వేరు, లాక్కోవడం వేరు. ఆవిడ మెట్లు దిగితే వెనకే నేనూ దిగుతాను. ఇరవై మూడు మిల్లులూ నువ్వే మరాడించుకో" అన్నాను. అదే సమయానికి నెట్ కూడా పోయింది. తెర మీద పచ్చ చుక్కలన్నీ ఆరిపోయాయి. ఓనరు బయటికి వెళ్ళి సోడా తాగి వచ్చి, సరే, ఆసామి వస్తే మీరే మాట్లాడుకోండి అన్నాడు.

మర్నాడే వచ్చాడాయన. మా మెట్లు నిటారుగా ఉంటాయి, పైకి వచ్చేసరికి కోపం సగం ఆయాసంలో పోయింది. టీచర్ గారు మంచినీళ్ళిచ్చారు.

"ఏంటండీ ఇది! నా మిల్లు చీటీ నా ఇష్టం కాదేంటండి?" అన్నాడు ఆసామి.

"అంతా మీ ఇష్టమేనండి" అన్నారు టీచర్ గారు. "బస్తా బరువు మీ ఇష్టం, చీటీ పొడుగు మీ ఇష్టం, పైన దేవుడి బొమ్మ మీ ఇష్టం. గారు ఒక్కటే ఉమ్మడండి."

"ఉమ్మడేంటండి? ఉమ్మడాస్తా?"

"అలాంటిదేనండి. అన్ని మిల్లులకీ కలిపి ఒకటే ఫైలు. అందులో ఉన్నది అందరికీ వస్తుంది."

ఆయన నావైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. ఆయన చేతిలో గ్లాసు తిప్పుతూ, "సరే, వాళ్ళకి తీయొద్దు. మాకు, మా అన్నదమ్ములకి పేరు ముందు శ్రీ పెట్టండి. ఆ మాత్రం తేడా ఉండాలి కదండీ" అన్నాడు.

"అలాగేనండి. తప్పకుండా పెడతాం. దాన్నీ ఉమ్మడి ఫైల్లోనే పెడతాను."

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "అంటే... వాళ్ళకీ శ్రీ వస్తుందా?"

"ఆయ్. శ్రీ ఫలానా గారు అని పూర్తిగా వస్తుందండి. చూడ్డానికి బాగుంటుంది కూడా."

ఆసామి మిగిలిన నీళ్ళు తాగి, గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "వద్దులెండి బాబూ. ఉన్నది ఉండనీండి. ఇంకా ఎక్కువ చెయ్యకండి." మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఈవిడ ఏ స్కూల్లో చెప్పేవారండి?" అని నన్నడిగాడు. మూతపడిందండి అన్నాను. పడదూ మరి అనుకుంటూ దిగిపోయాడు.

ఆ తరవాత ఓనరు ఆవిడ సంగతి చూద్దాం అనే మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేడు కూడా. ఏ తేడా చిన్న ఫైల్లో ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్నది తేల్చే మనిషి ఒకరుండాలని ఆ ఒక్క లైనుతో తేలిపోయింది. ఇప్పుడు ఉమ్మడి ఫైల్లో చుక్క మార్చాలన్నా ఆవిడ చూసి ఊ అంటేనే బిల్డ్ కదులుతుంది. అలా కదలాలని నేనే మెషీనులో రాసి పెట్టాను. ఇది నిజం, కావాలంటే వచ్చి చూసుకోండి. రేపు ఏ ఆసామి వచ్చినా, మా ఓనరే వచ్చినా, ఆ గారు అక్కడి నుంచి కదలదు. మిల్లులు పోతే పోనీ. ఇరవై మూడు పద్దెనిమిదైతే నేను ఎలాగూ నలభై అనే చెప్పుకుంటాను.

ఇంతదాకా రాసి కాగితాలు టీచర్ గారి చేతికిచ్చాను, అచ్చుతప్పులు చూసి పెట్టమని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బుగ్గన పెన్ను ఆనించుకుని చదివారు. తవుడు దగ్గర నవ్వారు. అమావాస్య దగ్గర నవ్వారు. నేను లేచి నిలబడిన పేరా దగ్గర పెన్ను కాగితం మీదకి దిగింది, దిగినచోటే ఉండిపోయింది.

"ఏమ్మా, అచ్చుతప్పా?"

"మీరు లేవలేదండి మాస్టారూ. కూర్చునే ఉన్నారు. ఒక్క లైనే కదమ్మా అని టైపు చేసి పంపించేశారు కూడా. నెట్ దానంతట అది పోలేదు, మీ లైను మిల్లుకి చేరేలోపే నేనే వైరు పీకేశాను."